మంత్రదండానికి పది పేజీలు, అంకెలకు ఒక్క వాక్యమా?

మాంత్రికుల బడి కథ ఏది చదివినా ఒకచోట నాకు కడుపు మండుతుంది. మంత్రదండం పాఠానికి పది పేజీలు ఉంటాయి. చెయ్యి వణకడం, మాట తడబడటం, దీపం వెలగకపోవడం అన్నీ రాస్తారు. అంకెల పజిల్ వచ్చేసరికి క్లాసులో తెలివైన పిల్ల జవాబు టక్కున చెప్పేస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. అంతే. ఆ పిల్ల దాన్ని ఎలా చేసిందో మాకెందుకు చెప్పరు?

ఆ బడిలో నేర్పేవాటిలో మనం ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన మంత్రం అదొక్కటే కదా! 3524 తీసుకోండి. అంకెల్ని పెద్దదాని నుంచి చిన్నదానికి పేరిస్తే 5432, తిరగేస్తే 2345. తీసివేస్తే 3087. మళ్లీ అలాగే 8730లోంచి 0378 తీస్తే 8352. ఇంకోసారి, 8532లోంచి 2358 పోతే 6174. ఇక ఎన్నిసార్లు చేసినా అదే వస్తుంది. నాలుగూ ఒకే అంకె కాకుండా ఏ సంఖ్యతో మొదలుపెట్టినా, ముందొచ్చే సున్నాను వదలకుండా చేస్తే, ఏడుసార్లకు మించకుండా 6174కి చేరతాం. 1949లో దీన్ని కనిపెట్టిన కప్రేకర్ ఒక బడిపంతులు. నేను మొదటిసారి నమ్మలేక కాగితం రెండు వైపులా నిండేదాకా చేశాను. ఒకచోట లెక్క ఎంతకీ తేలలేదు. చూస్తే పదుల స్థానంలో అప్పు తెచ్చుకోవడం మర్చిపోయాను. అది దిద్దగానే 6174 వచ్చి నిలబడింది. ఒళ్లు జలదరించింది.

మాయా చదరం సంగతీ అంతే. పేరులోనే మాయ ఉంది. 1 నుంచి 9 దాకా అంకెల్ని, వరసకి మూడు చొప్పున మూడు వరసల తొమ్మిది గడుల్లో ఒక్కోటి ఒక్కసారే పెడితే అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకి ఎటు కూడినా 15 రావాలి. నడిమి గడిలో 5 ఎందుకు? దాని మీదుగా పోయే వరసలు నాలుగు, మొత్తం 60. ఆ నాలుగు వరసల్లో గడులన్నీ వచ్చేస్తాయి, కానీ గడులన్నీ ఒక్కోసారే కలిపితే 45. ఎక్కువైన 15, నడిమి గడిని మూడుసార్లు అదనంగా లెక్కపెట్టినందుకు వచ్చింది. కాబట్టి అక్కడ 5 తప్ప ఇంకేదీ కుదరదు.

ఇదంతా రాస్తే కథ నెమ్మదిస్తుందంటారు. దండం పాఠంలో పది తప్పులు చదివినా మాకు విసుగు రాలేదే! రాయండి. శిష్యుడు 9ని మూల గడిలో పెట్టి ఇరుక్కోవాలి. మూల మీదుగా మూడు వరసలు, 9కి తోడు 6 అయ్యే జతలేమో 1-5, 2-4 రెండే. వాడంతట వాడు అది గమనించి 9ని పక్క గడికి జరిపేదాకా గురువు నోరు విప్పకూడదు, తలుపు తెరుచుకోకూడదు.