పసుపు జెండా గారికి ఒక గ్రూపు సభ్యుడి విన్నపం

మహారాజశ్రీ టూరు గైడు చేతి పసుపు జెండా గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నా అరికాళ్లు మాత్రం కుశలంగా లేవు, వాటి సంగతి వదిలేయండి.

మొన్న ఆదివారం తమరి నీడన చైనాలోని చ్వాన్‌జౌ నగరం చూసొచ్చాను. చూసొచ్చాను అనొచ్చో, తిప్పుకొచ్చారు అనాలో తమరే సెలవివ్వాలి. మాది చీమకుర్తి, గ్రానైటు బ్లాకుల వ్యాపారం. ఆ దేశంలోనే షియామెన్ నగరంలో రాళ్ల ఎగ్జిబిషన్ అయిపోయి ఒక రోజు ఖాళీ దొరికితే హాయిగా హోటల్లో పడుకోక, డబ్బు కట్టి మరీ తమరి వెనక పడ్డాను.

గైడు మాటలు వినడానికని చెవిలో పెట్టిన ఆ యంత్రం దారి పొడవునా జోరీగలా గీపెట్టింది, పోనీ. భోజనం దగ్గర తిరిగే బల్ల మీద అన్నం గిన్నె నా ముందు ఆగిందే లేదు, అదీ పోనీ. సిమెంటు ఊసే లేని రోజుల్లో పునాది రాళ్ల మీద ఆల్చిప్పలు పెంచి, వాటితోనే రాయిని రాయికి అతికించి 1059లో పూర్తి చేసిన లోయాంగ్ వంతెనను బస్సు కిటికీలోంచి చూపించారు. రాతి మీద బతికేవాణ్ణి కదా, కాస్త కడుపు మండింది. అయినా మింగేశాను.

టీ కొట్టు మాత్రం మింగుడు పడలేదండీ.

గంటా ఇరవై నిమిషాలు! ఆన్‌షీ కొండల తియెగ్వాన్‌యిన్ టీ గొప్పదే, ఎవరు కాదన్నారు? కానీ ఉగ్గుగిన్నెలో సగం ఉండే కప్పులో పోస్తారు, మొదటిసారి పోసింది కప్పులు కడగడానికే అని పారబోస్తారు, వాసన చూడమంటారు, మళ్లీ పోస్తారు, ఈలోగా ఒకావిడ మన పక్కన చేరి క్యాలిక్యులేటర్‌లో అంకెలు నొక్కి చూపిస్తూనే ఉంటుంది. చెప్పాపెట్టకుండా టూరిస్టుల్ని కొట్లకు తోలకూడదని 2013 నుంచి ఆ దేశంలోనే చట్టం ఉంది. మా టూరు కాగితంలో 'టీ సంస్కృతి పరిచయం' అని రాశారు. కాబట్టి అది కొట్టు కాదు, సంస్కృతి. పావు కిలో సంస్కృతి కొన్నాను, మా ఇంట్లో ఎవరూ తాగడం లేదు.

మరి కైయువాన్ గుడికో? 686లో మొదలైన గుడికి ఇరవై అయిదు నిమిషాలు. అందులో పదిహేను జంట రాతి పగోడాల ముందు గ్రూపు ఫోటోకే సరి, ఎవరో ఒకరు కళ్లు మూస్తూనే ఉన్నారు. నేను వచ్చింది పగోడాల కోసం కాదయ్యా! పెద్ద మందిరం వెనక వసారాలో రెండు స్తంభాలున్నాయి. పదమూడో శతాబ్దంలో అక్కడికి వ్యాపారానికొచ్చిన తమిళులు కట్టుకున్న శివాలయం రాళ్లవి. ఆ గుడి పోయింది, మింగ్ రాజుల కాలంలో మరమ్మతులు చేస్తూ స్తంభాల్ని తెచ్చి బుద్ధుడి గుడికి నిలబెట్టారు. వాటి మీద నరసింహుడున్నాడు, రోలు ఈడ్చుకుపోయే కృష్ణుడున్నాడు, గజేంద్రుడున్నాడు. మన దేశం నుంచి రాయి అమ్ముకోవడానికి వెళ్లినవాడికి అక్కడి రాతిలో మన స్వామి కనిపిస్తే ఎలా ఉంటుందో నీలాంటి గుడ్డముక్కకేం తెలుసు?

అలా వెళ్లి నిలబడ్డానో లేదో, నువ్వు పైకి లేచావు. ఊగావు. చెవిలో 'బస్సు, బస్సు' అని కేక. రెండు నిమిషాలమ్మా అని గైడమ్మాయిని బతిమాలాను. ఆ పిల్ల నవ్వి నిన్ను ఇంకాస్త పొడుగ్గా లాగింది. గజేంద్రుడు నయం, మొర పెట్టుకుంటే వినేవాడొకడు పరిగెత్తుకొచ్చాడు.

నిజం ఒప్పుకోవాలి. ఉక్రోషంతో వెనకే ఉండిపోయి, బయట పడమటి వీధిలో ఆ జనంలో, తలల నిండా పూలు చుట్టుకుని ఫోటోలు దిగే అమ్మాయిల మధ్య దారి తప్పినప్పుడు, దూరంగా పసుపు రంగు కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తాను. అది నువ్వు కాదు. నీలాంటిదే ఇంకోటి. దాని వెనక పది నిమిషాలు నడిచాక తెలిసింది, వాళ్లు కూడా టీ కొట్టుకే వెళ్తున్నారని.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "ఏదిరా, ఆ దేశంలో మన నరసింహస్వామి?" అని. ఆ హడావిడిలో తీసింది ఒక్కటే ఫోటో. తెరిచి చూపించాను. స్తంభం ఉంది. స్వామి ఉండాల్సిన చోట నువ్వున్నావు.

ఇట్లు,
ఏడో నంబరు సీటు