2520 వింత సంఖ్య కాదు, రామానుజన్ కనిపెట్టిందీ కాదు

డిసెంబర్ 22, రామానుజన్ జయంతి దగ్గర పడితే చాలు, మా నల్లగొండ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతుంది. 1 నుంచి 10 దాకా అన్నింటితో శేషం లేకుండా భాగించగలిగే సంఖ్య 2520 ఒక్కటేనట. దాన్ని శ్రీనివాస రామానుజన్ కనిపెట్టారట. వారానికి 7 రోజులు, నెలకు 30 రోజులు, ఏడాదికి 12 నెలలు, ఈ మూడింటినీ గుణిస్తే అదే వస్తుంది కాబట్టి అందులో ఏదో రహస్యం ఉందట. ఈసారి మా చిన్నాయన కూడా పంపాడు. నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లలైతే నోటుబుక్కులో రాసుకొచ్చారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

"ఒక్కటే" అన్నది తప్పు. 5040 కూడా అలాగే భాగించబడుతుంది, 7560 కూడా. 2520ని దేనితో గుణించినా అంతే. అలాంటి వాటిలో 2520 అతి చిన్నది, అంతవరకే నిజం.

వింత ఉందా అంటే, పిల్లల ముందు 60 చింతగింజలు పోశాను. రెండేసి, మూడేసి, నాలుగేసి, అయిదేసి, ఆరేసి కుప్పలు పెడితే ఒక్క గింజా మిగల్లేదు. ఏడేసి పెడితే నాలుగు మిగిలాయి. సరే, 7తో గుణించండన్నాను: 420. దానికి 8 పోదు, కాబట్టి రెట్టింపు: 840. 9 పోదు, మూడింతలు: 2520. పదికి ఏమీ చేయనక్కర్లేదు, 2, 5 ముందే ఉన్నాయి. ఇది ఆరో తరగతి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే ఇచ్చిన సంఖ్యలన్నింటితో భాగించబడే అతి చిన్న సంఖ్య) లెక్క.

క్యాలెండర్ సంగతి: 30ని 12తో గుణిస్తే 360, అంటే 8 × 9 × 5. 2520కి కావాల్సిన వాటిలో ఇక లేనిది 7 ఒక్కటే, అది వారం నుంచి వచ్చింది. అసలు ఏడాదికి 365 రోజులు కదా!

నాకు బాధ కలిగించేది రామానుజన్ పేరు వాడుకోవడం. క.సా.గు. పద్ధతి యూక్లిడ్ నాటికే, అంటే దాదాపు 2300 ఏళ్ల కిందటే ఉంది. రామానుజన్ చేసింది అంతకంటే ఎంతో పెద్ద పని. తనకంటే చిన్న సంఖ్యలన్నింటికన్నా ఎక్కువ కారణాంకాలున్న (అంటే శేషం లేకుండా భాగించే సంఖ్యలు ఎక్కువున్న) సంఖ్యల మీద 1915లో పెద్ద వ్యాసం ప్రచురించారు. 2520 ఆ జాతిదే. దానికి 48 కారణాంకాలు. అంతకు ముందున్న 1680కి 40. కానీ ఆయన పట్టిక అక్కడ ఆగలేదు, 67,46,32,83,88,800 దాకా వెళ్లింది. దాదాపు 6 లక్షల 74 వేల కోట్లు! దానికి 10,080 కారణాంకాలు. కాలిక్యులేటర్ లేని రోజుల్లో ఆ పట్టికంతా చేతి లెక్కే. ఒకే ఒక్క సంఖ్య తప్పిపోయింది, 2,93,31,86,25,600. దాన్ని 23తో గుణిస్తే పట్టికలోని ఆ చివరి సంఖ్యే వస్తుంది. ఈ గుణకారం నేను కాగితం మీద చేసి చూసుకున్నాను.

ఆ కాగితం ఫోటో తీసి చిన్నాయనకు పంపాను.