ప్యానెల్ రాజ్యాంగమూ, దాని అమలూ

కంప్యూటర్ తెర అంచున పడుకుని ఉండే ఆ సన్నని పట్టీని ప్యానెల్ అంటాము. ఒక మెనూ, ఒక గడియారం, తెరిచి ఉన్న కిటికీల పేర్లు, మూల నాలుగు చిన్న గుర్తులు తప్ప దానికి వేరే ఆస్తిపాస్తులు లేవు. దాని మందాన్ని 26 పిక్సెళ్ల నుంచి 32కు పెంచాలంటే మౌస్ కుడి బటన్ నొక్కి, సెట్టింగుల పెట్టె తెరిచి, ఒక మీటను కాస్త జరిపితే చాలు, క్షణాల్లో పని అయిపోతుంది. ఈ పద్ధతిలో ఉన్న లోపమల్లా అదే. క్షణాల్లో అయిపోయే పనికి గౌరవం ఉండదు, మర్నాడు నలుగురిలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. అందువల్ల బాధ్యత తెలిసినవారు ఇదే పనిని మౌస్ ముట్టకుండా, ఆజ్ఞలు టైప్ చేసే కమాండ్ లైన్ నుంచి చేస్తారు. నేనూ ఆ కోవకు చెందినవాడినేనని నిరూపించుకోవడానికి ఒక ఆదివారం మొత్తం ధారపోశాను కనుక, ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే అర్హత నాకు వచ్చిందనే అనుకుంటున్నాను.

నేను వాడేది లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్. అందులో ప్యానెల్ వ్యవహారమంతా హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో శుభ్రంగా రాసి ఉంటుంది. చదువుకున్న మనిషి ఆ ఫైల్ తెరిచి, 26 అన్నచోట 32 అని దిద్ది, సేవ్ చేసి, కళ్లెత్తి ప్యానెల్ వైపు చూస్తాడు. నేనూ చూశాను. ప్యానెల్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. ఫైల్‌ను మళ్ళీ తెరిచాను, 32 అనే ఉంది. తెర మీద కొలిచాను, 26 అనే ఉంది. రాజ్యాంగం ఒకటి చెబుతుండగా ప్రభుత్వం ఇంకొకటి చేస్తున్న ఈ స్థితిని చూసి నేను మొదట నొచ్చుకున్నాను గానీ, తరువాత విచారించగా తప్పు నాదేనని తేలింది.

ఎందుకంటే ఆ ఫైల్ ఆజ్ఞ కాదు, దస్తావేజు మాత్రమే. 2009లో వెలువడిన 4.6 వెర్షన్ నుంచి ఎక్స్‌ఎఫ్‌సీఈలో సెట్టింగులు చూసుకునే ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ అనే వ్యవస్థ ఉంది, దాని తరఫున ఒక డీమన్, అంటే కంటికి కనబడకుండా నడిచే ప్రోగ్రామ్, తెర వెనుక కూర్చుని ఉంటుంది. ఆ డీమన్ ఫైల్‌ను ఒక్కసారి చదివి, విలువలన్నీ మెమరీలో పెట్టుకుని, ఆ తరువాత ఫైల్ ముఖం చూడదు. ప్యానెల్ ఏది అడిగినా జ్ఞాపకం నుంచే జవాబు చెబుతుంది. పైగా సెట్టింగుల్లో ఏ ఒక్కటి మారినా తన జ్ఞాపకంలో ఉన్నదంతా ఫైల్ మీద తిరగరాస్తుంది. నేను ఫైల్ దిద్దిన పావుగంటకు, వేరే పని మీద ప్యానెల్‌ను కదలకుండా లాక్ చేశాను. అంతే, ఆ ఒక్క మార్పును నమోదు చేసే మిషతో డీమన్ మొత్తం ఫైల్‌ను కొత్తగా రాసింది, నా 32 మళ్ళీ 26 అయింది. ఒక్క హెచ్చరిక లేదు, ఒక్క క్షమాపణ లేదు. ఫిర్యాదు చేద్దామంటే నేను దిద్దినట్టు సాక్ష్యం కూడా మిగల్లేదు. పాలన అంటే ఇంత పకడ్బందీగా ఉండాలి.

సరైన దారి ఒకటుంది. ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్-క్వెరీ అనే కమాండ్‌కు ఛానెల్ (సెట్టింగుల విభాగం) పేరు, ప్రాపర్టీ (అందులోని సెట్టింగు) దారి, కొత్త విలువ చెబితే అది నేరుగా డీమన్‌తోనే మాట్లాడుతుంది, డీమన్ ప్యానెల్‌కు కబురు పంపుతుంది, ప్యానెల్ కళ్ల ముందే ఒళ్లు పెంచుకుంటుంది. రీస్టార్ట్ అక్కర్లేదు, లాగవుట్ అక్కర్లేదు. ఇంత సజావుగా జరిగిపోవడం చూసి నాకు కలిగిన నిరాశ ఇంతా అంతా కాదు. అయితే ఈ వ్యవస్థను నిర్మించిన పెద్దలు మన పట్టుదలను తక్కువ అంచనా వేయలేదు. ప్యానెల్ మీద ఏయే వస్తువులు ఉండాలో చెప్పే జాబితాను వారు ఒక వరుస సంఖ్యలుగా పెట్టారు: 1 అంటే మెనూ కావచ్చు, 14 అంటే గడియారం కావచ్చు, ఏది ఏమిటన్నది వేరే చోట రాసి ఉంటుంది. ఉన్న జాబితాకు ఇంకొకటి చేర్చు అనే మాట ఆ కమాండ్‌కు తెలియదు. కొత్త వస్తువు ఒక్కటే అయినా పాతవన్నీ వరుస తప్పకుండా మళ్ళీ ఏకరువు పెట్టాలి, ప్రతి సంఖ్యకూ ముందు ఇది పూర్ణాంకమని విడివిడిగా ధ్రువీకరించాలి. నేను తొందరలో కొత్త సంఖ్య ఒక్కటే ఇచ్చి ప్యానెల్‌ను రీస్టార్ట్ చేశాను. తెర ఈ కొస నుంచి ఆ కొస వరకు పరుచుకున్న పట్టీ మీద ఒక్క గడియారం మాత్రమే మిగిలింది. సమయం రాత్రి 11:40 అని అది చెప్పింది, చెప్పడానికి దాని దగ్గర ఇంకేమీ లేదు.

ఇక్కడొక ముఖ్యమైన సూత్రం పాఠకుల దృష్టికి తేవాలి. ప్యానెళ్ల లోకంలో అమలు చేయడం అనే మాటకు తరచుగా చంపి మళ్ళీ పుట్టించడం అని అర్థం. మాక్‌లో ప్యానెల్ లాంటి డాక్ గుర్తుల పరిమాణం డిఫాల్ట్స్ కమాండ్‌తో మార్చిన తరువాత కిల్‌ఆల్ డాక్ అనాలి, అది చచ్చి మరుక్షణమే కొత్త బుద్ధితో లేస్తుంది. విండోస్‌లో ప్యానెల్‌కు పేరైన టాస్క్‌బార్ ఎక్స్‌ప్లోరర్ అనే ప్రాసెస్‌లో భాగం కనుక, టాస్క్‌బార్‌కు నచ్చచెప్పాలంటే ఎక్స్‌ప్లోరర్‌నే చంపాలి, దానితో పాటు డెస్క్‌టాప్ మీది ఐకాన్లూ సహగమనం చేస్తాయి. విండోస్ 10లో టాస్క్‌బార్ తెరకు ఏ పక్కన ఉండాలన్నది రిజిస్ట్రీలో ఒక బైనరీ విలువ లోపల ఒకే ఒక్క బైట్‌గా ఉంటుంది: 0 అయితే ఎడమ, 1 అయితే పైన, 2 అయితే కుడి, 3 అయితే కింద. దిక్కులకు ఇంత పొదుపుగా పేర్లు పెట్టినవారిని అభినందించకుండా ఉండలేను.

లినక్స్‌లోనే ఇంకో డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ దారి వేరు. అక్కడ సెట్టింగులు దాచే డీకాన్ఫ్ డేటాబేస్ బైనరీ రూపంలో ఉంటుంది కనుక, ఎడిటర్‌లో తెరిచి దిద్దుదామన్న దురాశకు మొదటే గండి పడుతుంది. జీసెట్టింగ్స్ కమాండ్‌తో గడియారంలో సెకన్లు చూపించమంటే వెంటనే చూపిస్తుంది, సెట్టింగ్ పేరు తప్పు రాస్తే అలాంటిది లేదని ముఖం మీదే చెబుతుంది. ఆ కటువుతనం నచ్చనివారు నేరుగా డీకాన్ఫ్ కమాండ్ వాడవచ్చు. అది మహా మర్యాదస్తురాలు, పేరులో ఎన్ని అక్షర దోషాలున్నా మారు మాట్లాడకుండా రాసుకుంటుంది, ఆ పేరుతో పనున్న ప్రోగ్రామ్ ఏదీ లేకపోయినా సరే.

వీటన్నిటినీ ఒక స్క్రిప్ట్‌గా రాసి, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌కు అప్పగిస్తే రోజూ సాయంత్రం ప్యానెల్ దానంతట అదే మారుతుందని నేను ఆశపడిన మాట నిజం. ఈ కబుర్లన్నీ నడిచేది డీ-బస్ అనే మార్గంలో, లాగిన్ అయిన ప్రతి సెషన్‌కూ ఆ బస్సు చిరునామా ఉంటుంది, క్రాన్‌కు మాత్రం ఆ చిరునామా ఎవరూ చెప్పరు. అందువల్ల స్క్రిప్ట్ సమయానికే బయలుదేరింది గానీ బస్సు దొరకలేదు. అధికారం చాలక ఇలా జరిగిందనుకుని కమాండ్‌ను రూట్, అంటే సర్వాధికారి ఖాతా పేరిట నడిపే సుడో అనే మాటను ముందు తగిలించేవారు కూడా ఉన్నారు. అప్పుడు వారు సవరించబోయేది రూట్ ఖాతా ప్యానెల్‌ను, అంటే ఎవరూ లాగిన్ కాని, ఎన్నడూ వెలగని తెర మీది పట్టీని.

లినక్స్‌లోని మరో డెస్క్‌టాప్ అయిన కేడీఈ ప్లాస్మా గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి అవుతుంది. అందులో ప్యానెల్ మీద ఏమేమి ఉన్నాయో ఒక ఫైల్‌లో ఉంటుంది, దాని పేరు ఒక్క గుక్కలో చదవలేనంత పొడుగు. ప్యానెల్ ఎంత మందమో మాత్రం ఇంకో ఫైల్‌లో ఉంటుంది. ఒకే పట్టీకి రెండు శాఖలు ఉండడం సుపరిపాలన లక్షణమే కనుక దానికి నేను అభ్యంతరం చెప్పను. ప్లాస్మా నడుస్తుండగా ఆ ఫైళ్లను దిద్దితే అది తన మెమరీలోని పాత సంగతులనే మళ్ళీ వాటి మీద రాయగలదు, కనుక ముందు ప్యానెల్‌ను నడిపే ప్లాస్మాషెల్ అనే ప్రోగ్రామ్‌ను ఆపి, తరువాత ఫైల్ దిద్ది, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి.

ఎక్స్‌ఎఫ్‌సీఈలో గడించిన అనుభవంతో నేను రెండో కంప్యూటర్‌లో ఈ వరుస తప్పకుండా పాటించాను. కమాండ్లు టైప్ చేసే కిటికీ అయిన టెర్మినల్ తెరిచి ప్లాస్మాషెల్‌ను ఆపాను. ప్యానెల్ పోయింది, దానితో వాల్‌పేపర్ కూడా పోయి నల్లటి తెర మీద టెర్మినల్ ఒక్కటే మిగిలింది. ఫైల్‌లో మందం దిద్ది, అదే టెర్మినల్‌లో ప్లాస్మాషెల్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. ప్యానెల్ వచ్చింది, సరిగ్గా నేను కోరిన మందంతో వచ్చింది, వెనకాలే టెర్మినల్‌లో పేజీల కొద్దీ హెచ్చరికలు ప్రవహించసాగాయి. ఆ కమాండ్‌ను టెర్మినల్‌తో ముడి తెంపి తెర వెనక్కి నెట్టకుండా నేరుగా నడిపానని అప్పుడు గుర్తొచ్చింది. అంటే టెర్మినల్ మూస్తే ప్యానెల్ కూడా పోతుంది.

ఇది జరిగి మూడు రోజులైంది. కొత్త ప్యానెల్ మీద ఇప్పుడు ఒకే ఒక్క కిటికీ పేరు ఎప్పుడూ కనబడుతోంది, అది ఆ టెర్మినల్‌దే. దాని పక్కన మూసేసే గుర్తు ఉంది, మౌస్ అటు వెళ్లినప్పుడల్లా చేతిని జాగ్రత్తగా వెనక్కి తీసుకుంటున్నాను.