ఎర్రకాడ ద్రాక్ష

మన అసోసియేషన్ విందుల్లో వైట్ వైన్ అంటే ప్రతిసారీ షార్డొనే, లేదంటే సావిన్యాన్ బ్లాంక్. రెండూ ఫ్రాన్స్ రకాలు, మంచివే. కానీ యూరప్‌లో ఇన్నేళ్లుగా ఉంటూ తూర్పు వైపు ద్రాక్షల సంగతి మనకి పట్టకపోవడం నాకు బాధగా ఉంది. హంగరీలో టొకాయ్ కొండల ఫుర్మింట్ ఉంది. రొమేనియా, మోల్డోవాల్లో ఫెతియాస్కా ఆల్బా ఉంది. ఆ మాటకి తెల్ల కన్నెపిల్ల అని అర్థం.

నా మనసు మాత్రం జార్జియా మీదే. మా అక్క కొడుకు టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. వాణ్ని చూడ్డానికి వెళ్లి, అటునుంచి కఖేతీ ప్రాంతంలోని ద్రాక్షతోటలకి వెళ్లాను. అక్కడి ముఖ్యమైన తెల్ల ద్రాక్ష ర్కాత్సితేలి. అంటే ఎర్రకాడ. రైతు కంటికి ఏది కనిపించిందో అదే పేరైంది.

మేం వెళ్లిన ఇంట్లో పీపాలు లేవు, నేలలో వరసగా గుండ్రటి మూతలున్నాయి. ఒకటి తీసి చూపించారు. కింద గుడ్డు ఆకారంలో పెద్ద మట్టి జాడీ, మెడ దాకా పాతేసి ఉంది. దాన్ని క్వెవ్రీ అంటారు. లోపల తేనెమైనం పూత. రసంతోపాటు తొక్కలు, గింజలు కూడా అందులోనే వేసి నెలల తరబడి మూసి ఉంచుతారు, మనవాళ్లు పాతర్లో ధాన్యం దాచినట్టు. నేల చల్లదనమే దాన్ని కాపాడుతుంది. తొక్కల సారం దిగి వైన్ తేనెరంగుకి తిరుగుతుంది, తాగితే డికాషన్‌లాంటి వగరు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

జార్జియాకి సొంతమైన ద్రాక్ష రకాలు ఐదొందలకి పైనే. సోవియట్ కాలంలో దిగుబడి బాగా వచ్చే కొన్ని రకాలకే పెద్దపీట వేశారు. ర్కాత్సితేలికి చోటు దొరికింది, కిసి, ఖిఖ్వి లాంటివి మూలపడ్డాయి. 1985లో గోర్బచేవ్ మద్య వ్యతిరేక ఉద్యమంలో తోటలే పీకేశారు. 2006లో జార్జియా వైన్‌ని రష్యా నిషేధించాక కొత్త మార్కెట్లు వెతుక్కోక తప్పలేదు. బయటి దేశాలవాళ్లు పేరుపెట్టి అడగడం మొదలుపెట్టాక కిసి మళ్లీ తోటల్లోకి వచ్చింది.

అడిగేవాళ్లు తగ్గితే ఏమవుతుందో హైదరాబాద్ వాళ్లకి చెప్పాలా? పొడుగాటి పండ్లతో నిండుగా ఉండే అనాబ్ షాహీ ద్రాక్ష గుత్తులు ఒకప్పుడు ఆ ఊరి గొప్ప. గింజల్లేని థాంప్సన్ రకం వచ్చింది, శివారు తోటలు ప్లాట్లయ్యాయి. ఇప్పటి పిల్లలకి ఆ పేరే తెలీదు.

అందుకే కమిటీవారికి నా మనవి: ఈ దీపావళి విందుకి వైట్ వైన్ తెచ్చే పని నాకివ్వండి. క్వెవ్రీ వైన్ వగరు మన గుత్తివంకాయ నూనెకీ మసాలాకీ తట్టుకుంటుంది, మా ఇంట్లో తాగి చూశాం. సీసా పక్కన చీటీ నేనే తెలుగులో రాసి పెడతాను: ర్కాత్సితేలి, ఎర్రకాడ, కఖేతీ.