నోటిఫికేషన్ పడని ఉద్యోగం

ఇంజినీరింగ్, మెడిసిన్, గ్రూప్ వన్, అమెరికాలో ఎమ్మెస్. ఈ నాలుగు దారుల దగ్గరా మన తరం పెద్దలు బాగానే కాపలా కాశారు. పిల్లవాడు ఎటు తిరిగినా ఏదో ఒకదాంట్లో పడేవాడు. మనం అలా గేట్ల దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చుని ఉండగానే ఐదోది ఒకటి గోడ దూకి ఇంట్లోకి వచ్చేసింది. దానికి నోటిఫికేషన్ పడదు. సిలబస్ లేదు. అమీర్‌పేటలో ఏ మెట్లెక్కి అడిగినా కోచింగ్ లేదంటారు. వీడియోలు చేసి జనాన్ని నవ్వించడమే ఉద్యోగమట. దీని లోతుపాతులు పరిశీలించి తెలుగు తల్లిదండ్రులకు ఒక నివేదిక ఇవ్వడం నా బాధ్యత అనిపించింది. సూత్రప్రాయంగా నాకు నవ్వు మీద అభ్యంతరమేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

పరిశీలనకు నేను ఎంచుకున్న కేసు న్యూయార్క్‌ది. పేరు రాండీ రెయిన్‌బో. గే. ఆ సంగతి అతను దాచుకోడు. దాచుకుంటే ఈ ఉద్యోగంలో సగం సరుకు పోతుంది. ఇంటిపేరు నిజమైనదే, సినిమావాళ్లలా పెట్టుకున్నది కాదు. ఇక్కడ కొంచెం ఆగాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ అనే ఆయన గేల ఉద్యమానికి గుర్తుగా హరివిల్లు రంగుల జెండా తయారు చేసి ఎగరేసింది 1978లో. హరివిల్లు ఇంటిపేరుతో ఈ పిల్లవాడు లాంగ్ ఐలండ్‌లో పుట్టింది 1981లో. జెండా ముందు సిద్ధం చేసుకుని, దానికి తగ్గ మనిషిని మూడేళ్ల తర్వాత పంపారన్నమాట. పేరులో ఒక అక్షరం అటూ ఇటూ చేసినందుకు వేలకు వేలు పుచ్చుకునే మన న్యూమరాలజీ పండితులు ఈ విషయమై ఇంతవరకూ నోరు విప్పకపోవడం శోచనీయం.

తొలినాళ్లలో చేసిన పనుల్లో ఒకటి హూటర్స్ హోటల్లో. పొట్టి నిక్కర్లు వేసుకున్న అమ్మాయిలు వడ్డిస్తారని మగవాళ్లు ఎగబడే చోటు అది. గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లను బల్లల దగ్గర కూర్చోబెట్టడం ఇతని డ్యూటీ. ఆ హోటలు దేని మీద నడుస్తోందో దాని మీద బొత్తిగా ఆసక్తి లేని మగవాణ్ణి అంత పెద్ద ఊళ్లో వెతికి పట్టుకున్నారు. యాజమాన్యం ముందుచూపు మెచ్చుకోదగ్గది.

2010లో హాలీవుడ్ హీరో మెల్ గిబ్సన్ ఫోన్లో తిట్టిన తిట్లు బయటికి పొక్కి మార్మోగాయి. విన్నవాళ్లందరూ ఛీ అన్నారు. రాండీ మాత్రం ఆ రికార్డింగ్ తీసుకుని, తానే ఆ హీరోగారి ప్రియుడైనట్టు, ఫోన్ అవతల ఉన్నది తానే అయినట్టు ఒక వీడియో చేశాడు. తిట్లు ఆయనవి. ముద్దుముద్దు జవాబులు ఇతనివి. వ్యాపార రహస్యమంతా ఆ ఒక్క వీడియోలో ఉంది.

మామూలుగా నాయకుణ్ణి ఆటపట్టించాలంటే ఆయన గొంతు తెచ్చుకోవాలి, నడక తెచ్చుకోవాలి, ఆయన అనని మాట ఒకటి అనిపించాలి. రాండీ ఆ జోలికి పోడు. నాయకుణ్ణి నాయకుడిగానే ఉంచుతాడు. టీవీలో వచ్చిన అసలు ఇంటర్వ్యూ తీసుకుని, అడిగేవాణ్ణి లేపేసి, ఆ కుర్చీలో తాను కూర్చుంటాడు. గులాబీరంగు కళ్లజోడు, ముఖంలో మహా గాంభీర్యం. జవాబు అదే. ప్రశ్న మారిపోతుంది. కాసేపటికి పాట అందుకుంటాడు. న్యూయార్క్ బ్రాడ్‌వే సంగీత నాటకాల బాణీ, కొత్త సాహిత్యం, ప్రాస ఎక్కడా తప్పదు. కోరస్‌లో నలుగురు కావాలంటే నలుగురూ తానే, నాలుగు వేషాల్లో. రాసేదీ పాడేదీ ఎడిట్ చేసేదీ తన అపార్ట్‌మెంట్లోనే, వెనక ఏ దృశ్యమైనా అతికించుకోగల ఒక పచ్చ తెర, అదే గ్రీన్ స్క్రీన్ ముందు.

మనకు ఇది కొత్త విద్యేం కాదు. పిట్టలదొర ఖాకీ కోటు, టోపీ, చెక్క తుపాకీ వేసుకుని వచ్చి తనకు కోటలున్నాయని కోతలు కోస్తుంటే, ఊళ్లో అసలు దొరలు పక్కచూపులు చూసేవారు. కాకపోతే పిట్టలదొర ఇంటింటికీ తిరిగి బియ్యం అడుక్కునేవాడు. ఇక్కడ ఇళ్లే ఇతని దగ్గరికి వస్తాయి.

అలా పెద్దఎత్తున రావడం మొదలైంది 2016 సెప్టెంబరులో. అధ్యక్ష ఎన్నికలకు ట్రంప్, హిల్లరీ క్లింటన్‌ల మొదటి డిబేట్‌లో ట్రంప్‌గారు తన ఆదాయం అమోఘమని చెప్పి, ఇది గొప్పలు చెప్పుకోవడం మాత్రం కాదని చెప్పడానికి ‘బ్రాగడోషియస్’ అనే మాట వాడారు. నోరు తిరగని ఆ మాటను రాండీ ‘మేరీ పాపిన్స్’ సినిమాలో అంతకంటే నోరు తిరగని పాటకు తగిలించి వదిలాడు. ఫేస్‌బుక్‌లో కోట్లసార్లు చూశారు. రాత్రికి రాత్రి ఫేమస్ అయ్యాడన్నారు. మెల్ గిబ్సన్ వీడియో నుంచి లెక్కేస్తే ఆ రాత్రి ఆరేళ్లు పట్టింది.

ఆర్థిక కోణంలో చూస్తే ఇది కుటీర పరిశ్రమ. ముడిసరుకు ఉచితం, శ్వేతసౌధం నుంచి రోజూ డోర్ డెలివరీ. అమెరికా ప్రజాస్వామ్యం నాలుగేళ్లు టెన్షన్ పడితే ఈ పరిశ్రమ మూడు షిఫ్టులు నడిచింది. 2019 నుంచి వరసగా నాలుగేళ్లు అమెరికా టీవీవాళ్లు ఇచ్చే ఎమ్మీ అవార్డుకు నామినేషన్ వచ్చింది. అవార్డు రాలేదు. నాలుగుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆర్డరు చేతికి రాని కుర్రాణ్ణి మన వీధిలో ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు. ఊళ్లు తిరిగి టికెట్టు షోలు చేశాడు, 2022లో ఆత్మకథ అచ్చేశాడు, పిల్లల పుస్తకం కూడా రాశాడు. కానీ పీఎఫ్ ఉందా?

ఉద్యోగ భద్రత సంగతీ చూడాలి. 2021 జనవరిలో ట్రంప్ ఖాతాను ట్విట్టర్ మూసేసింది, అదే నెల ఆయన పదవీ పోయింది. గని మూతపడితే కార్మికుడి గతేమిటి? అంతకుముందే, 2020లో, న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ క్యూమో మీద ఓ ప్రేమపాట కట్టి ఉన్నాడు. కరోనా రోజుల్లో ఆయన టీవీలో ధైర్యం చెబుతున్నాడని మురిసిపోయి పాడిన పాట. ఏడాది తిరిగేసరికి లైంగిక వేధింపుల ఆరోపణల మధ్య ఆ గవర్నర్ రాజీనామా చేశాడు. తిట్టిన పాటలు నిలిచాయి, పొగిడిన పాట తిరగబడింది. నాయకుణ్ణి పొగిడే పని మన దగ్గర విడిగా ఒక శాఖే చూసుకుంటుంది. కమెడియన్లు అందులో వేలు పెట్టకూడదు.

ఇక నా అసలు అభ్యంతరం. ఈ మనిషి క్రమశిక్షణ తప్పాడు. ఇలాంటివాళ్లకు హాస్యంలో చోటు మన దగ్గర ఎప్పుడో కేటాయించాం. తెలుగు సినిమా చూసినవారెవరికైనా తెలుసు. మణికట్టు వంచుకుని, హొయలు పోతూ ఒక ఆడంగి పాత్ర వస్తుంది. హీరో స్నేహితుడి మీద చెయ్యేస్తుంది. హీరో చెంప పగలగొడతాడు. హాలంతా ఈలలు. ఐదు నిమిషాల ట్రాక్, రోజువారీ బత్తెం. నవ్వించుకోవడానికి మాత్రమే వాళ్లు. ఎవర్ని చూసి నవ్వాలో నిర్ణయించే అధికారం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. రాండీ ఆ చెంపదెబ్బ తినే మూలలోంచి లేచి వెళ్లి, ప్రశ్నలడిగే కుర్చీలో కూర్చున్నాడు.

మనం సంకుచితులమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కడితే ఆడవాళ్లు కూడా ఆ నడక చూసి నేర్చుకోవాలన్నారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. పగటివేషాల్లో అర్ధనారీశ్వర వేషం వస్తే ఇప్పటికీ పెద్దలు దణ్ణం పెడతారు. షరతు ఒక్కటే. రంగు కడిగేశాక అందరిలా కనబడాలి. రంగు కడిగినా మారని మనిషి వచ్చి భోజనాల బంతిలో పక్కన కూర్చుంటే, దణ్ణం పెట్టిన చేయి ఎక్కడ పెట్టుకోవాలో మనకు తెలియదు. కోర్టులూ దాదాపు ఇంతే. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదంది, 2023లో పెళ్లి మాట మాత్రం పార్లమెంటును అడగమంది. లోపలికి రండి, కూర్చోకండి.

నిజాయితీగా ఇంకొకటి చెప్పాలి. 2020లో రాండీ పదేళ్ల కిందటి ట్వీట్లను ఎవరో తవ్వి తీశారు. నల్లజాతివాళ్ల మీద, ట్రాన్స్ మనుషుల మీద వేసిన జోకులు. క్షమాపణ చెప్పుకున్నాడు. మన సినిమా ట్రాకులకీ ఆ ట్వీట్లకీ పెద్ద తేడా నాకు కనబడలేదు. కుర్చీ మారినంత మాత్రాన నవ్వు మారదు, దాన్ని విడిగా మార్చుకోవాలి.

మన రాష్ట్రాల్లో ఈ పరిశ్రమ పెట్టాలనుకునేవారికి ఒక సూచన. ముడిసరుకుకు ఇక్కడా కొదవ లేదు, ఎగుమతి చేసేంత ఉంది. అయితే పెట్టుబడిలో కెమెరా కన్నా ముందు లాయరు ఫీజు రాసుకోండి. ఆన్‌లైన్‌లో నచ్చని మాట రాసినవాళ్లను లోపలేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. సెక్షన్ల అంకెలకేం, ఇంకా చాలా ఉన్నాయి.

ఇంతవరకు రాసి పంపేద్దామనుకుంటుండగా తెనాలిలో ఒక పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. మా తమ్ముడి కొడుకు, బీటెక్ మూడో సంవత్సరం, విడిదింట్లో అందరి మాటా నడకా అచ్చు దించేస్తున్నాడు. పురోహితుడు, వీడియో కుర్రాడు, వియ్యపురాలి అలక. అందరూ పొట్టలు పట్టుకున్నారు. నవ్వు ఆగాక ఒక పిన్ని కళ్లు తుడుచుకుంటూ, “వీడికి త్వరగా పెళ్లి చేసేయండి వదినా, కుదురుకుంటాడు” అంది. వాడు ఒక్క క్షణం నేలకేసి చూశాడు. వెంటనే ఆ పిన్నిని కూడా అచ్చు దించేశాడు. మళ్లీ నవ్వులు.

రాత్రి మేడ మీదికి వచ్చాడు. “పెదనాన్నా, ఒకటి చూపిస్తాను, కోప్పడకూడదు” అని ఫోన్ చేతికిచ్చాడు. వీడియోలో నా కండువా వాడి భుజం మీద ఉంది. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, గొంతు సవరించుకుని, “సూత్రప్రాయంగా నాకు అభ్యంతరమేమీ లేదు” అంటున్నాడు. అప్పటికే పద్నాలుగు వేలమంది చూశారట.

నాకు నవ్వు రాలేదు. రెండోసారి చూసినప్పుడూ రాలేదు. మూడోసారికి మాత్రం మా తమ్ముడు మెట్ల మీద లేడు కదా అని చూసుకుని, తలుపు దగ్గరగా వేశాను.