రెండూ ఒకటి కాదు బ్రో, ఆ వేళ్ళు లెక్కపెట్టు

ఇప్పుడే ఒక తెలుగు సైన్స్ వీడియో చూశాను. ఒళ్ళు మండిపోతోంది. ఫ్లోరిడాలో దొరికిన రాకాసి స్లాత్ (ఎప్పుడో అంతరించిపోయిన భారీ జంతువు) అస్థిపంజరం చూపించి "ఇదే మెగాథీరియం" అనేశాడు. తెర మీద చెయ్యి స్పష్టంగా కనిపిస్తోంది, మూడే వేళ్ళు! "అన్నా, అది ఎరెమోథీరియం, కాస్త మార్చండి" అని మర్యాదగానే రాశాను. వచ్చిన జవాబు: "రెండూ ఒకటేలే బ్రో, పెద్ద స్లాతేగా." దానికి లైకులు కూడా!

ఒకటెలా అవుతాయి? మెగాథీరియం దక్షిణ అమెరికా దాటి రాలేదు, ఫ్లోరిడాలో దాని అస్థిపంజరం ఎక్కడిది? దాని చేతికి నాలుగు వేళ్ళు, మూడింటికి గోళ్ళు. ఎరెమోథీరియంలో లారిలార్డీ అనే జాతికి మూడు వేళ్ళు, రెండింటికే గోళ్ళు. మెగాథీరియం పళ్ళు ఇంకా పొడవు, వాటికి చోటివ్వడానికి కింది దవడ ఇంకా లోతు. వేళ్ళు ఒక్కటే చూసినా చాలదు. అదే ఫ్లోరిడాలో ఇంకా పాత జాతి ఎరెమోథీరియం ఇయోమిగ్రాన్స్ ఉంది, దానికి ఐదు వేళ్ళు. అందుకే చెయ్యి, పన్ను, దవడ అన్నీ చూశాకే పేరు చెబుతారు.

అర్జెంటీనాలో దొరికిన మెగాథీరియం ఎముకలు ఓడెక్కి మాడ్రిడ్ చేరాయి. పారిస్‌లో ఉన్న శాస్త్రవేత్త కువియే వాటిని కళ్ళతో చూడనే లేదు. ఎవరో గీసిన బొమ్మలు చూసి 1796లోనే అది స్లాత్‌కి చుట్టమని పట్టేసి పేరు పెట్టాడు. కాగితం మీద బొమ్మలతో ఆయన అంత చేశాడు. నీ దగ్గర హెచ్‌డీ వీడియో ఉంది బ్రో!

"ఒకటే" అనే మాట ఊరికే వస్తుందా? 1842లో లుండ్ అనే శాస్త్రవేత్త బ్రెజిల్‌లో పిల్ల స్లాత్ పళ్ళు చూసి లారిలార్డీ అని పేరు పెట్టాడు. పళ్ళు చిన్నవి కాబట్టి అది చిన్న జాతి అనుకున్నారు. తర్వాత పెద్ద ఎముకలు దొరికితే వాటికి రుస్కోనీ అని ఇంకో పేరు. ఆ చిక్కు ఎన్నో ఏళ్ళు నడిచింది. 1995లో కార్టెల్, డి యులీస్ అనే శాస్త్రవేత్తలు ఎముకలు కొలిచి, పోల్చి, ఇవన్నీ ఒకే జాతి అని తేల్చారు. వాళ్ళూ "ఒకటే" అన్నారు, కానీ కొలిచి అన్నారు!

అసలు ఈ జబ్బు మనకి పాతదే. హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. మన ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికింది, 1988లో యాదగిరి గారు పేరు పెట్టారు. కనీసం 12 జంతువుల ఎముకలు దొరికితే, వాటిలోంచి ఒక్క అస్థిపంజరం నిలబెట్టారు. ఎంత ఓపిక కావాలి! మా మేనకోడలు అక్కడ బోర్డు మీది పేరు కూడబలుక్కుని "కో-టా-సా-ర-స్" అంటుంటే మా బావ "డైనోసార్ అను చాల్లే, పద పద, ఆకలేస్తోంది" అన్నాడు. దాని మొహం ఎంత చిన్నబోయిందో! మన మట్టిలో దొరికిన జంతువు పేరు మన పిల్ల నోట పూర్తిగా రానివ్వరా? ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఈ వీడియో కూడా అలాంటి పిల్లలే చూస్తారు. నోట్‌బుక్‌లో "మెగాథీరియం, ఫ్లోరిడా" అని రాసుకుంటారు. బ్రో, ఆ చెయ్యి కనిపించే చోట ఆపు, వేళ్ళు లెక్కపెట్టు, టైటిల్ మార్చు. ఐదు నిమిషాల పని.