“స్కూల్లో ఆ ఊసే ఎత్తొద్దు” అనే ఫార్వర్డుకు జవాబు

మన హైదరాబాద్ పేరెంట్స్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: క్లాసులో లైంగిక విషయాలు మాట్లాడటం నిషేధించాలి, చెబితే పిల్లలు చెడిపోతారు, అవసరమైతే ఇంట్లో పెద్దవాళ్లే చెబుతారు, అమెరికాలోనే బ్యాన్ చేశారు, ఇది మన సంస్కృతి కాదు.

చెబితే చెడిపోతారన్నది పాత భయమే. ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాల్లో, ఈ చదువు వల్ల పిల్లల్లో లైంగిక విషయాల్లో తొందరపాటు పెరగదని అధ్యయనాలు చూసి రాసింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ భయాన్ని అపోహ అనే చెప్పింది. ఆరో తరగతి పిల్లాడి చేతికి డేటాతో సహా ఫోన్ ఇచ్చి, టీచర్ నోరు మాత్రం కట్టేయమనడం ఏం లెక్కో!

ఇక “ఇంట్లో చెబుతారు”. ఎవరింట్లో? ప్యాడ్స్ యాడ్ రాగానే రిమోట్ కోసం తడుముకునే ఇళ్లు మనవి. 2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో 53 శాతం పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. అంటే కొందరు పిల్లలకు ఇల్లే భయం. బాబాయి వరసయ్యే మనిషి గురించి ఆ పాప ఎవరికి చెప్పుకోవాలి? చెప్పాలన్నా మాటలు కావాలి కదా. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పెట్టే చాలా కేసుల్లో పాప చెప్పేదే అసలు సాక్ష్యం. శరీర భాగాల పేర్లే తెలియని పిల్ల “అక్కడ” అని ఆగిపోతే, డిఫెన్స్ లాయరుకు అంతకన్నా ఏం కావాలి?

అలాగని స్కూళ్లు పవిత్రమని కాదు. 2022లో బంజారాహిల్స్‌లోని ఒక స్కూల్లో నాలుగేళ్ల పాపపై ప్రిన్సిపాల్ డ్రైవరే అఘాయిత్యం చేశాడు; మరుసటేడు 20 ఏళ్ల శిక్ష పడింది. అందుకే పాఠం ఎవరు చెబుతారు, ఏ వయసుకు ఏం చెబుతారు అని తల్లిదండ్రులు నిలదీయాల్సిందే. నిలదీయడం వేరు, నోరు నొక్కడం వేరు.

అమెరికా సంగతి సగం నిజం. ఫ్లోరిడా అనే ఒక రాష్ట్రం 2022లో లైంగిక ధోరణి (ఎవరి పట్ల ఆకర్షణ), జెండర్ గుర్తింపు (తనను తాను ఆడ, మగ, మరొకటిగా భావించడం)లపై మూడో తరగతి దాకా బోధన వద్దంది. మరుసటేడు ఎనిమిది దాకా పెంచింది. 2024లో కోర్టు కేసు రాజీకి వచ్చినప్పుడు, క్లాసులో ఆ మాటలు మాట్లాడుకోవడం నిషేధం కాదని ఒప్పుకుంది. అలాంటి మరికొన్ని రాష్ట్రాలున్నాయి, కానీ దేశం మొత్తం కాదు. మన దగ్గర చూస్తే, 2018లో స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ సుప్రీంకోర్టు సెక్షన్ 377 తీర్పు ఇచ్చింది. 2023లో తెలంగాణ హైకోర్టు హిజ్రాలను నేరస్థుల్లా చూసిన నిజాం కాలపు చట్టాన్ని కొట్టేసింది. క్లాసులో మాత్రం మెత్తగా మాట్లాడే అబ్బాయిని “తేడాగాడు” అని ఏడిపిస్తే, మాట్లాడకూడదు కాబట్టి టీచర్ బోర్డు వైపు తిరగాలట.

సంస్కృతా? పిల్ల పెద్దమనిషి అయితే ఫంక్షన్ హాల్ బుక్ చేసి, గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టి, ఊరందరికీ భోజనాలు పెట్టేది మనమే. ఆ పిల్లకు ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పడానికే సంస్కృతి అడ్డొస్తుంది.

పైగా కొత్తగా పాఠం పెట్టమని ఎవరూ అడగట్లేదు. రాష్ట్ర సిలబస్ ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో “కౌమార దశ” ఉంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి ఉంది. పువ్వు నిలువుకోత బొమ్మ నాలుగుసార్లు వేయించి, మనుషుల దగ్గరికి రాగానే “ఇది ఇంట్లో చదువుకోండి” అనే క్లాసులు ఎన్నో. ఈసారి పేరెంట్స్ మీటింగులో ర్యాంకుల కంటే ముందు, ఆ పాఠం ఏ నెలలో చెబుతారో అడగండి.